బిడ్డ ఇంటికొచ్చాకే అసలు పని

నా నౌకరీ అంతా గోదావరిఖనిలో కాన్పుల గదికీ పసిపిల్లల వార్డుకూ మధ్యనే గడిచింది. రిటైరయ్యాక కూడా మా ఇంటి తలుపు తట్టేవాళ్లు తగ్గలేదు. యైటింక్లయిన్ కాలనీ నుంచి ఒకరు, గంగానగర్ నుంచి ఒకరు, గోదావరి అవతల ఇందారం నుంచి ఇంకొకరు. అందరిదీ ఒకటే మాట. “సిస్టరమ్మా, మా కోడలికి ముందుగాల్నే కాన్పయింది. పిల్ల బతికి ఇంటికొచ్చింది. ఇగ భయం లేదు గదా?”

ఈ మాటకు ఔననో కాదనో ఒక్క ముక్కలో చెప్పలేను. అందుకే కూర్చొని రాస్తున్నాను. 37 వారాలు నిండకుండా పుడితే నెలలు నిండని బిడ్డ అంటారు. 32 వారాల లోపు పుడితే బాగా ముందు పుట్టినట్టు, 28 లోపు అయితే మరీ ముందు. 2020లో ప్రపంచం మొత్తం మీద ఇట్లా ముందుగా పుట్టిన పిల్లలు సుమారు 1 కోటి 34 లక్షల మంది అయితే, అందులో 30 లక్షల మంది మన దేశంలోనే పుట్టారు. నేను ఎక్కువగా చెప్పేది 32 వారాల లోపు వాళ్ల గురించి. వాళ్లు దవాఖాన నుంచి ఇంటికి వచ్చేనాటికి మెదడు ఇంకా కట్టుబడిలోనే ఉంటుంది. ఆ కట్టుబడి ఎట్లా సాగుతుందన్నది వార్డులో చేసిన వైద్యం మీద ఎంత ఆధారపడుతుందో, తర్వాత మూడు నాలుగేండ్లు ఇంట్లోవాళ్లు చేసే పని మీదా అంతే ఆధారపడుతుంది.

1. ఏడో నెల, ఎనిమిదో నెల మాట

“ఏడో నెల పిల్ల బతుకుతది, ఎనిమిదో నెల పిల్ల బతకది” అనే మాట మన దిక్కు ప్రతి ఇంట్లో ఉంది. ఇది మనదొక్కటే కాదు, రెండు వేల ఏండ్ల కిందటి గ్రీకు వైద్యులు కూడా ఇదే నమ్మి రాసిపెట్టారు. ఇది తప్పు. కడుపులో గడిచిన ప్రతి వారమూ బిడ్డకు బలమే. 33 వారాల బిడ్డ 29 వారాల బిడ్డకంటే అన్ని విధాలా గట్టిది. ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, ఈ నమ్మకంతో ఎనిమిదో నెల పిల్లను కరీంనగర్ తీసుకుపోవడానికి వెనకాముందాడిన పెద్దమనుషులను చూశాను. “ఎట్లయినా దక్కదు, పైసలెందుకు” అన్నారు. ఆ పిల్లను తీసుకుపోయేదాకా నేనూ, ఇంకో నర్సూ వాళ్ల వెంటబడ్డాం. దక్కింది.

2. కాన్పు కాకముందే కదలాలి

నడుము నొప్పి వచ్చిపోతూ ఉన్నా, ఉమ్మనీరు పోతున్నా, రక్తం కనబడ్డా, తలనొప్పితో కళ్లు మసకలు కమ్మినా గంట కూడా ఆగొద్దు. మన బొగ్గుబాయిల ఊళ్లలో ఆలస్యానికి ఒక ప్రత్యేక కారణం ఉంది. ఆయన సెకండ్ షిఫ్టులో ఉంటాడు, బాయిలో దిగిన మనిషికి సెల్‌ఫోన్ పోదు, “వచ్చినంక పోదాం తీ” అని ఇంట్లో ఆడవాళ్లు రాత్రి దాకా కూర్చుంటారు. ఆ కొన్ని గంటలే బిడ్డకు కావలసినవి. బాయి మీద ఆఫీసుకు కబురు పెట్టి, 108కు ఫోన్ చేసి మీరు బయల్దేరండి. ఆయన వెనక వస్తాడు.

ఆ గంటల విలువ ఏమిటో చెప్తాను. నెలలు నిండకముందే కాన్పు వచ్చేలా ఉంటే తల్లికి స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఇస్తారు. మన దగ్గర డెక్సామెథాసోన్, 12 గంటలకొకటి చొప్పున నాలుగు. అది బిడ్డ ఊపిరితిత్తులను తొందరగా సిద్ధం చేస్తుంది, మెదడులో రక్తస్రావాన్ని కూడా తగ్గిస్తుంది. న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్‌లో లిగిన్స్, హౌవీ అనే ఇద్దరు వైద్యులు 1972లో దీన్ని రుజువు చేసి ప్రచురించారు. అంతకు తొమ్మిదేండ్ల ముందు, 1963 ఆగస్టులో, అమెరికా అధ్యక్షుడు కెనడీ కొడుకు ప్యాట్రిక్ ఐదున్నర వారాలు ముందుగా పుట్టి, ఊపిరితిత్తులు విచ్చుకోక రెండు రోజులు కూడా బతకలేదు. అంతటి అధికారం ఉన్న ఇంట్లో అప్పుడు దొరకనిది ఇవాళ మన సర్కారు దవాఖానలో కొద్ది రూపాయల మందుగా దొరుకుతోంది. ఇది పనిచేయడానికి టైం కావాలి, కనీసం ఒక రోజు ఉంటే మేలు. మన దేశం కూడా పాల్గొన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ అధ్యయనం 2020లో వచ్చింది. ఈ మందు 25 మంది తల్లులకు ఇస్తే ఒక బిడ్డ ప్రాణం నిలుస్తుందని అందులో తేలింది.

ఇంకో మందు మెగ్నీషియం సల్ఫేట్. గుర్రపువాతం వచ్చినప్పుడు వాడేదే. 32 వారాల లోపు కాన్పు తప్పదనుకున్నప్పుడు తల్లికి ఇస్తే బిడ్డ మెదడుకు రక్షణ ఇస్తుంది, తర్వాత కాళ్లుచేతులు బిగుసుకుపోయే సెరెబ్రల్ పాల్సీ తగ్గుతుంది. “ఈ రెండు ఇచ్చిండ్రా సార్?” అని డాక్టర్‌ను అడగడం తప్పు కాదు. మర్యాదగా అడగండి.

పెద్ద దవాఖానకు పోవాలంటే బిడ్డ కడుపులో ఉండగానే పోవాలి. పుట్టిన తర్వాత కిలో బరువు కూడా లేని బిడ్డను అంబులెన్సులో పడుకోబెట్టి, టిప్పర్ల వెనక, స్పీడ్ బ్రేకర్ల మీద, రాజీవ్ రహదారి పట్టి కరీంనగర్‌కో హైదరాబాద్‌కో తీసుకుపోవడం వేరే సంగతి. ఇంగ్లండ్‌లో 28 వారాల లోపు పుట్టిన పిల్లలను పరిశీలించి 2019లో ప్రచురించిన అధ్యయనంలో, పుట్టిన రెండు రోజుల్లోపు దవాఖాన మార్చిన పిల్లల్లో మెదడు దెబ్బ తిన్నవాళ్లు ఎక్కువగా కనిపించారు. అక్కడి అంబులెన్సులు, అక్కడి రోడ్లు కూడా లెక్కలో పెట్టుకొని ఆలోచించండి.

3. మాడు మీద పెట్టే మిషన్

చాలామంది నానమ్మలు గొడవపడేది ఇక్కడే. “మాడ మీద మిషన్ పెడుతున్నరు, పిల్ల మెదడు ఏమైతది?” అని. పసిబిడ్డ మాడు మెత్తగా ఉంటుంది కాబట్టే దానిలోంచి అల్ట్రాసౌండ్‌తో మెదడును చూడగలుగుతాం. ఎక్స్‌రే కిరణాలు ఉండవు, నొప్పి ఉండదు. జెల్లీ రాసి, వేలి లావు పరికరం ఆనించి, పది నిమిషాల్లో అయిపోతుంది.

ఏం చూస్తారు? 28 వారాల బిడ్డ మెదడు పైభాగం దాదాపు నున్నగా ఉంటుంది. పెద్దవాళ్ల మెదడు మీద కనిపించే మడతల్లో ఎక్కువ భాగం చివరి మూడు నెలల్లోనే ఏర్పడతాయి. 35 వారాలకు కూడా మెదడు బరువు, నెలలు నిండిన బిడ్డ మెదడులో మూడింట రెండు వంతులే. ఇంత పని కడుపులో చీకట్లో, వెచ్చదనంలో జరగాల్సింది, వార్డు లైట్ల కింద, మానిటర్ల మోత మధ్య జరుగుతుంది. మెదడు లోపల నీరుండే గదుల పక్కన ఈ వయసులో చాలా సన్నని రక్తనాళాలు ఉంటాయి. బీపీ ఒక్కసారిగా ఎక్కినా దిగినా అవి చిట్లుతాయి. ఎక్కువగా మొదటి మూడు రోజుల్లోనే. అందుకే ఆ మూడు రోజులు మేము బిడ్డను మాటిమాటికీ కదిలించం, చుట్టాలను లోపలికి రానివ్వం. తలుపు దగ్గర మా మీద కోపం తెచ్చుకున్నవాళ్లు దయచేసి ఇప్పుడైనా అర్థం చేసుకోవాలి.

రక్తస్రావం ఒకటో గ్రేడ్, రెండో గ్రేడ్ అని రాస్తే ఆ పిల్లల్లో ఎక్కువమంది బాగానే పెరుగుతారు. మూడు, నాలుగు అయితే ప్రమాదం ఎక్కువ. రక్తస్రావం లేకపోయినా ఇంకో దెబ్బ ఉంటుంది. మెదడులో ఒకచోటి నుంచి ఇంకోచోటికి కబురు మోసే నరాల చుట్టూ ఒక పొర పట్టాలి. బాయిలో టోపీకి పెట్టుకునే కేప్‌ల్యాంప్ వైరు మీద రబ్బరు తొడుగు లాంటిది అనుకోండి, అది పాడైతే బ్యాటరీ నిండుగా ఉన్నా దీపం నిలకడగా వెలగదు. ఆ పొరను తయారుచేసే కణాలు 24 నుంచి 32 వారాల మధ్య చాలా నాజూకుగా ఉంటాయి. ఆక్సిజన్ తగ్గినా, ఇన్‌ఫెక్షన్ సోకినా అవే ముందు దెబ్బతింటాయి. కాళ్లకు పోయే నరాలు సరిగ్గా ఆ నీటి గదుల పక్కనుంచే పోతాయి. ముందు పుట్టిన పిల్లల్లో చేతులకంటే కాళ్లు ఎక్కువ బిగుసుకుపోవడానికి కారణం అదే.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. స్కాన్ చెడ్డగా వస్తే బిడ్డ పని అయిపోయినట్టు కాదు. స్కాన్ మంచిగా వస్తే పూచీ దొరికినట్టూ కాదు. మూడో గ్రేడ్ రాసిన పిల్ల డిగ్రీ చదవడం చూశాను. స్కాన్‌లో ఏమీ లేని పిల్లవాడు మూడో తరగతిలో లెక్కల దగ్గర కూలబడడం చూశాను. స్కాన్ కాగితం చూసి ఏడ్వడమో, పండుగ చేసుకోవడమో కాకుండా తర్వాతి చెకప్ తారీఖు చూసుకోండి.

4. అమ్మ రొమ్ము, నాయిన రొమ్ము

1978లో కొలంబియా దేశంలోని బొగోటాలో ఎడ్గార్ రే అనే డాక్టర్ దగ్గర ఇంక్యుబేటర్లు చాలలేదు. ఒక్కోదాంట్లో ఇద్దరు ముగ్గురు పిల్లలను పెట్టాల్సి వచ్చి, ఒకరి జబ్బు ఇంకొకరికి అంటుకునేది. పిల్లలను తల్లి రొమ్ముల మధ్య చర్మానికి చర్మం ఆనేలా కట్టి ఉంచమన్నాడు. దాన్నే ఇప్పుడు కంగారూ మదర్ కేర్ అంటున్నాం. మొదట్లో ఇది పేద దేశాల ఉపాయం అని చిన్నచూపు చూశారు. 2021లో ఐదు దేశాల అధ్యయనం వచ్చింది, ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఆసుపత్రి అందులో ఒకటి. కిలో నుంచి కిలో ఎనిమిది వందల గ్రాముల లోపు పిల్లలను, నిలకడ పడేదాకా ఆగకుండా పుట్టిన వెంటనే తల్లి రొమ్ము మీద ఉంచితే, నెల లోపు మరణాలు నాలుగో వంతు తగ్గాయి. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అందరికీ ఇదే చెప్పింది. బొగోటా పిల్లలను 20 ఏండ్ల తర్వాత మళ్లీ పిలిచి చూస్తే, ఆ రోజుల్లో రొమ్ము మీద పెరిగినవాళ్లు బడి ఎక్కువగా ఎగ్గొట్టలేదు, దుడుకుతనం తక్కువ.

తల్లి ఆపరేషన్‌తో పడుకొని ఉంటే? తండ్రి ఉన్నాడు కదా. ఒక అబ్బాయి గుర్తున్నాడు. నైట్ షిఫ్ట్ దిగి సీదా వార్డుకు వచ్చి తలుపు అవతలే నిలబడ్డాడు. బిడ్డ 1,100 గ్రాములు.

“సిస్టరమ్మా, నాయి బొగ్గు చేతులు. నేను అంటొచ్చునా?”

“గోళ్లు తీసుకో తమ్మీ. సబ్బుతోని మోచేతుల దాకా రుద్దుకో. అంగీ గుండీలు ఇప్పి ఈ కుర్చీల కూసో.”

ఎంత రుద్దినా అతని గోళ్ల అంచున సన్నని నల్ల గీత పోలేదు. అది కండల్లోకి దిగిన రంగు, మైల కాదు. కూర్చోబెట్టి, బిడ్డను డైపర్, టోపీ మాత్రమే ఉంచి ఛాతీ మీద పడుకోబెట్టి, తల ఒక పక్కకు తిప్పి, పైనుంచి గుడ్డ కట్టాను. బిడ్డ జారుతుందేమోనని ఆ మనిషి ఊపిరి బిగబట్టాడు. “ఊపిరి తీసుకో నాయినా, నీ ఊపిరి చూసే అది తీసుకుంటది” అన్నాను. మానిటర్ మీద 88, 89 దగ్గర ఊగుతున్న అంకె మెల్లగా ఎక్కి 94 దగ్గర కుదురుకుంది. మాట్లాడమన్నాను. ఏం మాట్లాడాలో తెలియలేదు. కాసేపటికి మెల్లగా ఆ రాత్రి బాయిలో ఏం జరిగిందో చెప్పడం మొదలుపెట్టాడు. పంపు చెడిపోయిందట, నీళ్లు నిలిచాయట, పని చూసే సర్దార్ కోపం చేశాడట. అట్లా రెండు గంటలు.

ఆ మాటలు ఊరికే పోవు. అమెరికాలోని రోడ్ ఐలండ్‌లో ముందు పుట్టిన పిల్లల ఒంటికి మాటలు లెక్కపెట్టే చిన్న యంత్రం కట్టి చూశారు. వార్డులో ఉండగా పెద్దల మాటలు ఎక్కువగా విన్న పిల్లలు ఏడాదిన్నర వయసుకు భాషలో, తెలివిలో ముందున్నారని 2014లో ప్రచురించారు. మానిటర్ చప్పుడు వేరు, మనిషి గొంతు వేరు. మీ యాసలోనే, మీ ఇంటి సంగతులే చెప్పండి. ఇంగ్లీషు రైమ్స్ ఫోన్‌లో పెట్టకండి.

5. పాలు

32 వారాల బిడ్డకు చీకడం, మింగడం, ఊపిరి తీయడం మూడూ ఒకదాంతో ఒకటి కుదరవు. 34 వారాల దగ్గర కుదురుతాయి. అప్పటిదాకా గొట్టంలోంచి, తర్వాత ఉగ్గు గిన్నెతో. ముర్రుపాలు నాలుగు చుక్కలైనా సరే, పారబోయొద్దు. తల్లిపాలు తాగే చిన్న పిల్లల్లో పేగు కుళ్లే జబ్బు బాగా తక్కువ, ఆ జబ్బు వస్తే మెదడు ఎదుగుదల కూడా కుంటుపడుతుంది. తల్లికి పాలు పడకపోతే దాత పాలు ఉన్నాయి. ఆసియాలో మొదటి తల్లిపాల బ్యాంకు 1989లో ముంబయి సయన్ ఆసుపత్రిలో వచ్చింది. మన హైదరాబాద్ నీలోఫర్‌లో ‘ధాత్రి’ ఉంది. “పాలు పడుతలేవు” అని కోడలి మీద కేకలేస్తే ఉన్నవి కూడా ఎండిపోతాయి.

6. ముప్పై రోజుల్లోపు కంటి పరీక్ష

ఈ మాట కాగితం మీద రాసి గోడకు అంటించుకోండి. 34 వారాల లోపు పుట్టిన ప్రతి బిడ్డకూ, రెండు కిలోల లోపు ఉన్న ప్రతి బిడ్డకూ, పుట్టిన 30 రోజుల్లోపు రెటీనా చూసే కంటి డాక్టర్ పరీక్ష జరగాలి. మరీ ముందు పుడితే, మరీ తక్కువ బరువుంటే 20 రోజులు దాటగానే. హైదరాబాద్ ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రివాళ్లు దీన్నే ‘తీస్ దిన్ రోష్నీ కే’ అని ప్రచారం చేశారు. అక్కడి డాక్టర్ సుభద్ర జలాలి బృందం 1990ల చివరి నుంచీ కంటి ఆసుపత్రిలో కూర్చోకుండా పసిపిల్లల వార్డులకే పోయి పరీక్షలు చేస్తూ వచ్చింది.

ముందు పుట్టిన బిడ్డకు కంటి వెనక పొరలో రక్తనాళాలు పూర్తిగా అల్లుకోవు. ఊపిరి కోసం ఇచ్చే ఆక్సిజన్ అవసరానికి మించితే అవి అడ్డదిడ్డంగా పెరిగి పొరను లాగేస్తాయి. ఆక్సిజన్ మీద అనుమానాన్ని 1951లో మెల్‌బోర్న్ డాక్టర్ కేట్ క్యాంప్‌బెల్ బయటపెట్టేసరికే ప్రపంచంలో వేలమంది పిల్లలు చూపు పోగొట్టుకున్నారు. టైంకు పట్టుకుంటే లేజర్‌తోనో ఇంజెక్షన్‌తోనో చూపు నిలుస్తుంది. దాటిపోతే ఎవరూ తేలేరు. బయట కంటికి ఏ తేడా కనబడదు, ఎరుపు ఉండదు, పుసి ఉండదు.

ఒక తల్లి ఐదు నెలల బిడ్డను నా దగ్గరికి తెచ్చింది. “నా మొఖం చూస్తలేడు” అంది. బిడ్డను చూసుకున్న ప్రైవేటు దవాఖాన ఇచ్చిన డిశ్చార్జి కాగితం నిండా మందుల పేర్లే ఉన్నాయి, కంటి పరీక్ష అన్న ఒక్క లైను లేదు. ఆ పిల్లవాడికి ఇప్పుడు చూపు లేదు. ఆ ఒక్క లైను లేకపోవడాన్ని నేను ఇప్పటికీ క్షమించలేను.

చెవి పరీక్ష కూడా అంతే. మొదటి నెలలో ఒకసారి, తేడా ఉంటే మూడో నెలలోపు రూఢి చేసుకోవాలి, ఆరో నెలలోపు మిషన్ పెట్టాలి. వినబడని పిల్లకు మాట రాదు. మాట రాకపోతే మెదడు మందమని ఊరంతా అనుకుంటుంది.

7. కుంపటి, నూనె, వస

మన క్వార్టర్లలో బాలింత మంచం కింద కుంపటి పెట్టే అలవాటు ఇంకా పూర్తిగా పోలేదు. బొగ్గుకు కరువు లేని ఊరు కదా. తలుపులు మూసి నిప్పులు పెడితే వచ్చే విషవాయువుకు వాసన ఉండదు. ముందు పుట్టిన బిడ్డ ఊపిరితిత్తులకు పొగ అన్నది అసలే పడదు. సాంబ్రాణి వద్దు, దోమల కాయిల్ వద్దు, ఇంట్లో బీడీ వద్దు. వెచ్చదనం కావాలంటే రొమ్ము మీద కట్టుకోండి. ఓపెన్‌కాస్ట్ గని దగ్గరి ఇండ్లలో దుమ్ము పడుతుంది కాబట్టి ఊడ్వడం మాని తడిగుడ్డతో తుడవండి.

నూనె మర్దన మంచిదే. మెత్తని చేత్తో రాస్తే బరువు కూడా పెరుగుతారు. ముక్కులో, చెవిలో నూనె పోయడం, కాళ్లు పట్టి తలకిందులుగా ఊపడం, మాడు మీద అదమడం మాత్రం వద్దు. మాటలు తొందరగా వస్తాయని వస అరగదీసి నాలుకకు రాయడం, తేనె నాకించడం, ఆముదం తాగించడం ఇవేవీ ఈ పిల్లల పేగు తట్టుకోలేదు. ఇరవై ఒకటో రోజు తొట్టెల అని యాభై మందిని పిలిచి బిడ్డను చేతులు మార్చకండి. తొట్టెల మూడు నెలలు ఆగినా ఏమీ కాదు.

నానమ్మలను, అమ్మమ్మలను ఎదిరించి ఏ పనీ కాదు. నేను వాళ్లతోనే ముందు మాట్లాడేదాన్ని. “అత్తమ్మా, బిడ్డ పాదాలు, పొట్ట అంటి చూసే పని నీది. పాదాలు సల్లగ, పొట్ట వెచ్చగ ఉంటె ఎమ్మటే రొమ్ముకు కట్టు. రెండూ సల్లగుంటె కట్టుకొనే దవాఖానకు రా” అని పని అప్పజెప్తే, వాళ్లంత గట్టిగా కాపలా కాసేవాళ్లు ఎవరూ లేరు.

8. రెండు లెక్కలు

28 వారాలకు పుట్టిన బిడ్డ మూడు నెలలు ముందు వచ్చినట్టు. ఆరు నెలలప్పుడు అది మూడు నెలల పిల్ల పనులే చేస్తుంది. రెండేండ్లు వచ్చేదాకా ఈ మూడు నెలలు తీసేసి చూడండి, దాన్నే సవరించిన వయసు అంటారు. పక్క క్వార్టర్ పిల్లతో పోల్చకండి. టీకాలకు మాత్రం ఈ తీసివేత లేదు, పుట్టిన తారీఖు లెక్కే.

9. ఏం చూడాలి, ఎక్కడికి పోవాలి

సవరించిన వయసు మూడు నెలలకు మెడ నిలపకపోతే, మొఖం చూసి నవ్వకపోతే, బొటనవేలు ఎప్పుడూ పిడికిట్లోనే ముడుచుకుంటే, ఏడాది నిండకముందే ఒక్క చేత్తోనే అన్నీ అందుకుంటుంటే, నిలబెడితే కాళ్లు కత్తెర పడితే లేదా మునివేళ్ల మీదే నిలిస్తే, ఆగకుండా చూపించండి. “వాళ్ల నాయిన గూడ ఆలస్యంగనే నడిచిండు” అనే మాటతో ఏడాది పోతుంది. సెరెబ్రల్ పాల్సీని ఐదారు నెలల వయసులోనే పట్టుకోవచ్చని 2017 నుంచి వైద్యులు గట్టిగా చెప్తున్నారు. 32 వారాల లోపు పుట్టినవాళ్లలో నూటికి ఐదు నుంచి పది మందికి అది వస్తుంది. మిగతా తొంభై మందికి రాదు, ఆ మాట కూడా గుర్తుంచుకోండి. కాఫీలో ఉండే కెఫీన్‌నే మందుగా చేసి, ఊపిరి మరిచిపోయే చిన్న పిల్లలకు ఇస్తారు. అది సెరెబ్రల్ పాల్సీని కూడా తగ్గిస్తుందని 2007లో ప్రచురించిన పెద్ద పరీక్షలో తేలింది. “గింత పిల్లకు కాఫీ మందా?” అని భయపడకండి.

పోవలసిన చోట్లు ఉన్నాయి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లాల్లో ఎదుగుదల లోపాలను ముందే పట్టుకొని చికిత్స చేసే కేంద్రాలు పెట్టారు, డైస్ సెంటర్ అంటే చూపిస్తారు. మండలాల్లో భవిత కేంద్రాలు ఉన్నాయి, ఫిజియోథెరపీ చేయిస్తారు. బుద్ధి ఎదుగుదల గురించి సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో జాతీయ సంస్థే ఉంది. 2022లో రామగుండంలో వైద్య కళాశాల వచ్చాక మనకు దూరం కొంత తగ్గింది. సింగరేణి కంపెనీ కార్మికుడి పిల్లకు కంపెనీ దవాఖాన ఉంది, కాంట్రాక్టు కార్మికుడి పిల్లకు అదే బాయి దుమ్ము ఉంది గానీ ఆ దవాఖాన సదుపాయం అంత లేదు. ఈ తేడా నాకు ఎప్పుడూ మింగుడు పడలేదు. వాళ్లకే ఈ సర్కారు కేంద్రాల సంగతి ఎక్కువ చెప్పాలి, వాళ్లకే తక్కువ తెలుసు.

ఫిజియోథెరపీ వారానికొకసారి సెంటర్‌లో చేయిస్తే సరిపోదు. అక్కడ నేర్చుకొని స్నానం చేయించేటప్పుడు, గుడ్డలు మార్చేటప్పుడు, ఒళ్లో ఆడించేటప్పుడు చేయాలి. మెదడుకు ఒక దారి చెడితే ఇంకో దారి వెతుక్కునే శక్తి మొదటి రెండు మూడేండ్లలో చాలా ఉంటుంది.

10. బడి

నడక వచ్చింది, మాట వచ్చింది, ఇక చెకప్‌లు మానేస్తారు. అసలు చిక్కు కొందరికి రెండో తరగతిలోనో మూడో తరగతిలోనో బయటపడుతుంది. బాగా ముందు పుట్టిన పిల్లల్లో దృష్టి నిలవకపోవడం, లెక్కల్లో వెనకబడడం, ఒకేసారి రెండు మూడు మాటలు గుర్తుపెట్టుకోలేకపోవడం, నలుగురిలో బెదురు ఎక్కువ. గడుసు పిల్లల్లా గోల చేయరు, కిటికీ దిక్కు చూస్తూ కూర్చుంటారు, అందుకే టీచర్ కంట పడరు. తెలివి పరీక్షల్లో సగటున పది పన్నెండు పాయింట్లు తక్కువ వస్తాయి. సగటు అంటే సగటే, క్లాసులో మొదటి ర్యాంకులు తెచ్చుకున్నవాళ్లూ ఉన్నారు.

“ఒక ఏడాది ఆగి బడికి పంపుదాం” అని చాలామంది అడుగుతారు. జర్మనీలోని బవేరియాలో ముందు పుట్టిన పిల్లలను ఏండ్ల తరబడి చూసినవాళ్లు, ఆలస్యంగా చేర్చడం వల్ల చదువు మెరుగుపడలేదని తేల్చారు. పనికొచ్చేది టీచర్‌కు చెప్పడం. “మేడమ్, మా పాప 29 వారాలకు పుట్టింది. ముందు బెంచీల కూసోబెట్టుండ్రి, ఒకసారి ఒక్క పనే చెప్పుండ్రి” అంటే ఏ టీచరూ కాదనదు. మొద్దు అని కొట్టే బడి అయితే బడి మార్చండి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో నేర్చుకోవడంలో వచ్చే లోపాలను కూడా చేర్చారు. అవసరమైతే సర్టిఫికెట్ తీసుకోవడానికి నామోషీ పడకండి, పరీక్షలో ఎక్కువ టైం దొరుకుతుంది.

11. తల్లిని అనొద్దు

“బరువెత్తింది, జాతరకు పోయింది, బొప్పాయి తిన్నది” అని కాన్పయిన నాటి నుంచీ కోడలి మీద పడతారు. ముందుగా కాన్పు కావడానికి బీపీ, రక్తం తక్కువ ఉండడం, ఇన్‌ఫెక్షన్, కవలలు, చిన్న వయసు పెండ్లి, కాన్పుకూ కాన్పుకూ ఎడం లేకపోవడం ఇట్లాంటివి కారణాలు. చాలాసార్లు ఏ కారణమూ దొరకదు. ఎండ సంగతి కూడా ఉంది. ఉష్ణోగ్రత ఒక్క డిగ్రీ పెరిగితే నెలలు నిండని కాన్పు ప్రమాదం సుమారు 5 శాతం పెరుగుతుందని, వడగాడ్పుల రోజుల్లో ఇంకా ఎక్కువని, ఎన్నో దేశాల అధ్యయనాలను కలిపి చూసి 2020లో తేల్చారు. రామగుండం ఎండ ఎట్లాంటిదో నేను చెప్పనక్కర లేదు. మే నెలలో రేకుల ఇంట్లో ఎనిమిదో నెల కడుపుతో మూడు పూటలా వండే పిల్లను చూసి, ఆమె ఏం తప్పు చేసిందని వెతకడం అన్యాయం. ఆమెకు నీడ ఇవ్వండి, నీళ్లు ఇవ్వండి, వంట పొద్దున్నే ఇంకెవరైనా చేయండి.

ఈ తల్లుల్లో చాలామందికి మనాది పట్టుకుంటుంది. నిద్ర పోరు, బిడ్డను ఎత్తుకోవాలంటే భయపడతారు. కోడలు మాట తగ్గించేసిందంటే బిడ్డతో పాటు ఆమెను కూడా డాక్టర్‌కు చూపించండి.

12. కాగితాలు దాచండి

సింగరేణి ఇండ్లలో సర్వీసు కాగితాలు ఎంత భద్రంగా దాస్తారో నాకు తెలుసు. రేకు పెట్టెలో, ప్లాస్టిక్ సంచిలో, నాఫ్తలిన్ గోళీలు వేసి. బిడ్డ డిశ్చార్జి కాగితం కూడా అందులోనే పెట్టండి. ఎందుకంటే అది ఇరవై ఏండ్ల తర్వాత పనికొస్తుంది. బాగా ముందు పుట్టినవాళ్లకు పెద్దయ్యాక బీపీ ఎక్కువగా వస్తుంది, ఊపిరితిత్తుల సత్తువ తోటివాళ్లంత ఉండదు. మామూలుగా తిరిగేటప్పుడు తెలియదు. తండ్రి మెడికల్ అన్‌ఫిట్ అయి, కొడుక్కు ఉద్యోగం వచ్చి, ఆ కొడుకు దుమ్ములోకి దిగాల్సి వచ్చినప్పుడు తెలుస్తుంది. ప్రవేశ వైద్య పరీక్ష చేసే డాక్టర్‌కు “నేను 30 వారాలకు పుట్టిన, నెల రోజులు ఆక్సిజన్ మీద ఉన్న” అని చెప్పండి. ఉద్యోగం పోతుందని దాచకండి. ఊపిరి పరీక్ష సరిగ్గా చేయించుకొని, సర్ఫేస్ పని అడిగే వీలుంటే అడగండి. పొగతాగడం వీళ్లకు అందరికంటే ఎక్కువ నష్టం.

ఆ కాగితం మీద ఇవి ఉన్నాయో లేవో దవాఖాన దాటకముందే చూసుకోండి. ఎన్ని వారాలకు పుట్టింది, పుట్టినప్పటి బరువు, తల కొలత, ఎన్ని రోజులు ఆక్సిజన్, ఎన్ని రోజులు వెంటిలేటర్, మాడు స్కాన్ ఏ తారీఖున తీశారు, ఏం రాశారు, కంటి పరీక్ష ఎప్పుడైంది, మళ్లీ ఎప్పుడు, చెవి పరీక్ష సంగతి, వచ్చే చెకప్ తారీఖు. ఏది లేకపోయినా నిలబడి రాయించుకోండి. తర్వాత ఫోన్‌లో ఒక ఫోటో తీసి, తండ్రికీ మేనమామకూ ఇద్దరికీ పంపండి.